రఘునాథాచార్యుల ఖగోళ విద్యాప్రచారము

మద్రాసు వేధశాలలో దాదాపు నాలుగు దశాబ్దములు పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులను చరిత్రకారులు సాధారణముగా ఒక నక్షత్రమునుబట్టి స్మరించుచున్నారు. 1867లో 'ఆర్ రెటిక్యులీ' అను తార కాంతి మారుచుండుటను గుర్తించిన ఖ్యాతి వారిది. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ వారిని సభ్యులుగా ఎన్నుకొనినది. అయినను, వారు దేశీయులకు ఖగోళశాస్త్రమును బోధింపబూనిన విధమే మరింత విచారింపదగినదని మా అభిప్రాయము.

ఆ బోధకు వారు చేపట్టిన సాధనములలో ముఖ్యమైనది పంచాంగము. ప్రాచీన గణిత గ్రంథములందలి ధ్రువాంకములలోని స్వల్పదోషము కాలక్రమమున పెరుగుటచే, లెక్కకు వచ్చిన గ్రహణకాలమునకును కంటికి కనబడు కాలమునకును భేదమేర్పడెను. ఆచార్యులు ప్రత్యక్షముతో పొసగు దృగ్గణిత పంచాంగమును వెలువరించిరి. పంచాంగమును సవరించుట యనగా తిథిని, వ్రతమును, శ్రాద్ధమును కదల్చుట. కావున అది కేవలము అంకెల వివాదము కాదు. జనుల విశ్వాసమునకు సంబంధించిన విషయము. ఇట్టి పనికి పూనుకొనువాడు స్వయముగా ద్రష్ట కావలెను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనకై వారు నిజాము రాజ్యమందలి వనపర్తికి వెళ్లియుండిరి.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబము మీదుగా నడచెను. భూమిపై దూరదూర స్థలములనుండి ఆ గమనకాలమును కొలిచి, ఆ భేదమునుబట్టి సూర్యుని దూరమును గణింపవచ్చును. దీనిని వివరించుచు ఆచార్యులు ముందుగానే ఒక చిన్న పుస్తకమును ఆంగ్లముననే గాక కన్నడము, ఉర్దూ మొదలగు దేశభాషలందును రచించిరి. అది సిద్ధాంతికిని ఖగోళజ్ఞునికిని నడచిన సంవాదరూపమున నున్నది. పూర్వపక్షమును వినిపించి సమాధానము చెప్పుట మన శాస్త్రగ్రంథముల పరిపాటియే. ఇందు ప్రశ్నించువాడు అజ్ఞుడు కాడు. గణితము తెలిసిన సిద్ధాంతి. నూతన విద్య పాత విద్యావంతునితోనే మాటాడవలెనని ఆచార్యులు భావించిరని ఈ ఎన్నికవలన మేము ఊహించుచున్నాము.

అదే సంవత్సరము మద్రాసులో ఉపన్యసించుచు, దేశీయులకు ఆధునిక ఖగోళవిద్య నేర్పు వేధశాల కావలెనని వారు కోరిరి. ఆ కోరిక నెరవేరకమునుపే 1880 ఫిబ్రవరి 5న వారు దివంగతులైరి.

తెలుగున శాస్త్రవిషయములు వ్రాయువారికి ఈ చరిత్ర ఒక మార్గమును చూపుచున్నది. పరిభాషను కూర్చినంతమాత్రమున బోధ పూర్తికాదు. పాఠకుడు ఇదివరకే యెరిగిన దేమో తెలిసికొని అచ్చటనుండి ఆరంభించినపుడే శాస్త్రము భాషలో నిలుచును.