పొయ్యి ఎవరిది వారిది... బల్ల అందరిదీ

సింగపూర్‌లో ఎక్కడ తినాలని ఆ ఊరివాళ్ళను అడిగితే పెద్ద హోటళ్ళ కంటే ముందు హాకర్ సెంటర్ల పేర్లే చెబుతారు. కావళ్ళు మోస్తూ, బండ్లు తోస్తూ వీధుల్లో వండి అమ్మినవాళ్ళను ఆ నగరం ఒక కప్పు కిందకు ఎలా చేర్చిందో చెప్పే కథ ఇది.

సింగపూర్ లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్ నుంచి బయటికి వస్తే ఎదురుగా టెక్కా సెంటర్. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ ఖాళీ కుర్చీ దొరకడం కష్టం. ఒక కొట్టు ముందు బిర్యానీ కోసం వరస, ఇంకోచోట రోటీ పరాటా కోసం వరస, కొంచెం అవతల బాతు మాంసం, అన్నం అమ్మే చైనీయుల కొట్టు. తినేవాళ్ళు మాత్రం ఏ కొట్టు దగ్గర కొన్నా అవే బల్లల దగ్గరికి వచ్చి కూర్చుంటారు. పక్కవాడి పళ్ళెంలో ఉన్నది తాము జన్మలో ముట్టనిదైనా ఎవరూ లేచి వెళ్ళిపోరు.

ఇది చిన్న విషయం కాదు. సింగపూర్ స్థానిక జనాభాలో సుమారు 74 శాతం చైనీయులు, 13 శాతానికి పైగా మలయ్‌లు, 9 శాతం భారతీయులు. ముస్లింలు పందిమాంసం ముట్టరు. హిందువుల్లో చాలామంది గొడ్డుమాంసం తినరు. బౌద్ధుల్లో శాకాహారులున్నారు. తిండి దగ్గర ఇన్ని పట్టింపులున్న జనం రోజూ ఒకేచోట భోంచేయాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోక తప్పదనిపిస్తుంది. ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేని ఏర్పాటును ఆ నగరం చేసుకోగలిగింది. అందుకు వందేళ్ళకు పైనే పట్టింది.

వంటిల్లు లేని ఊరు

1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫిల్స్ ఇక్కడ రేవు స్థావరం పెట్టాక చైనా దక్షిణ తీరం నుంచి, తమిళ దేశం నుంచి, జావా, సుమత్రా దీవుల నుంచి జనం దిగారు. వాళ్ళలో ఎక్కువమంది పెళ్ళాం పిల్లల్ని సొంతూళ్ళో వదిలి వచ్చిన మగవాళ్ళు. రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, రోడ్లు వేశారు. ఒక్కో ఇంటిని చెక్కలతో అడ్డుగట్టి చిన్న చిన్న గదులు చేసి అద్దెకిస్తే, వాటిలో కిక్కిరిసి పడుకునేవారు. అలాంటి గదిలో పొయ్యి పెట్టుకునే చోటెక్కడిది? ఆకలేస్తే వీధిలోకి రావాల్సిందే.

ఆ ఆకలి తీర్చినవాళ్ళే హాకర్లు. మలయ్, జావా మనుషులు కావడికి ఒకవైపు బొగ్గుల కుంపటి, ఇంకోవైపు పుల్లలకు గుచ్చిన మాంసం, వేరుశనగ పులుసు పెట్టుకుని సాతే అమ్మేవారు. నూడుల్స్ అమ్మే చైనీయులు వెదురు ముక్కలు టకటకా కొట్టించి తాము వచ్చినట్టు వీధికి తెలియజేసేవారు. తలమీద తట్ట పెట్టుకున్న భారతీయులు వేయించిన శనగలు, పల్లీలు కాగితం పొట్లాల్లో పోసి ఇచ్చేవారు. ఎవరి వంటకు వాళ్ళ మనుషులే మొదటి గిరాకీ. రాఫిల్స్ 1822లో వేయించిన పట్టణ పథకం చైనీయులకు ఒక పేట, మలయ్‌లకూ అరబ్బులకూ ఇంకో పేట, భారతీయులకు వేరే పేట అని ఊరిని ముందే విడగొట్టింది. అయితే కావడి మోసేవాడు పేట దాటగలడు. పొరుగు జాతి వంట రుచి ఒకరికొకరికి తెలిసింది చాలావరకు వీళ్ళ వల్లే.

అరుగుల మీద గొడవ

దుకాణాల ముందు కప్పుతో నడవా వదలాలన్నది రాఫిల్స్ పెట్టిన నియమం. ఎండకు మాడకుండా, వానకు తడవకుండా నడిచేవాళ్ళ కోసం ఉద్దేశించిన ఆ నడవాలు మన అరుగుల్లాగే అంగళ్ళుగా, వంటశాలలుగా మారాయి. 1888లో మునిసిపాలిటీ వాటిని ఖాళీ చేయించబోతే దుకాణాలు మూతబడ్డాయి, వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. వీధిలో బతికేవాడికీ వీధిని చక్కబెట్టాలనుకునే అధికారికీ మధ్య ఆ పేచీ తర్వాత కూడా ఆగలేదు.

జపాన్ ఆక్రమణ 1945లో ముగిశాక పనుల్లేవు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేని పని కాబట్టి ఎందరో వీధి వంటకు దిగారు. 1950లో ప్రభుత్వం హాకర్ల మీద ఒక విచారణ సంఘం వేసింది. ట్రాఫిక్‌కు అడ్డం, చెత్త, లైసెన్సు లేకపోవడం అధికారుల ఫిర్యాదులు. అందులో నిజముంది. కుళాయి లేని చోట ఒకే బకెట్టు నీళ్ళలో పూటంతా పళ్ళేలు కడిగితే కలరా, టైఫాయిడ్ రాకుండా ఎలా ఉంటాయి? మిగిలిన తిండి, కడిగిన నీళ్ళు కాలువల్లోకి, అక్కడి నుంచి సింగపూర్ నదిలోకి పోయేవి. అయినా వీళ్ళను తీసేస్తే ఊరు ఆకలితో ఉండేది, వీళ్ళ ఇళ్ళూ పస్తులుండేవి.

ముందు పేర్లు రాసుకున్నారు

1965లో సింగపూర్ స్వతంత్ర దేశమైంది. 1968-69లో దీవి మొత్తం తిరిగి వీధి హాకర్ల పేర్లు నమోదు చేశారు. సుమారు 18,000 మంది లెక్కకొచ్చారు. వాళ్ళకు లైసెన్సులిచ్చి, సందుల్లోకీ కార్ పార్కుల్లోకీ తాత్కాలికంగా మార్చారు. 1971 నుంచి కుళాయి, మురుగు కాలువ, కరెంటు, కప్పు ఉన్న సెంటర్లు కట్టడం మొదలుపెట్టారు. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళలో నదిని శుభ్రం చేయాలని చెప్పడంతో పని ఇంకా ఊపందుకుంది. నది పరివాహక ప్రాంతం నుంచే దాదాపు 5,000 మంది హాకర్లను తరలించారు. 1986 ఫిబ్రవరికల్లా వీధి హాకర్లందరికీ కప్పు కింద చోటు దొరికింది.

దీనికి హాకర్లు చెల్లించిన మూల్యమూ ఉంది. ఏళ్ళ తరబడి ఒకే మలుపులో నిలబడినవాడు చోటు మారితే పాత గిరాకీ చెదిరిపోతుంది. మేడ మీది సెంటరుకు జనం ఎక్కి వస్తారా అన్న భయం. మాట వినని బండ్లను అధికారులు పట్టుకుపోయారు. రాత్రి వీధికి ఆ బండ్ల దీపాలు, పొగలు ఇచ్చిన అందమూ పోయింది. ఇవన్నీ నిజమే. కానీ మారిన హాకర్‌కు రాయితీ అద్దెకు సొంత కొట్టు దొరికింది. రేపు ఎవరైనా వచ్చి సామాను లాక్కుపోతారన్న బెంగ తీరింది. ఆ భద్రత ఉండబట్టే ఒక మనిషి ముప్ఫై, నలభై ఏళ్ళు ఒకే వంటకాన్ని వండుతూ దాన్ని తన పేరుగా మార్చుకోగలిగాడు.

సెంటరు కట్టిన పద్ధతి గమనించాలి. చుట్టూ కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒక్కో కొట్టులో ఒకటో రెండో వంటకాలు. హలాల్ వంట దాని గిన్నెల్లో దాని పొయ్యి మీదే ఉంటుంది. తిన్నాక ట్రేలు పెట్టే చోటు కూడా హలాల్‌కు వేరుగా ఉంటుంది. 1964లో మలయ్‌లకూ చైనీయులకూ మధ్య రెండు విడతల అల్లర్లలో 36 మంది చనిపోయిన ఊరు అది. కొట్లాటలు బల్లల వల్ల ఆగిపోయాయని నేననను. కానీ రోజూ పక్కన కూర్చుని తినేవాడు ఊహల్లోని శత్రువుగా ఉండలేడు. సహపంక్తి భోజనాలను ఒక ఉద్యమంగా నడపాల్సివచ్చిన మన నేలకు ఆ మాట విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పొరుగు పొయ్యి నుంచి

పక్కపక్కన వండుకుంటే వంటలు కలుస్తాయి. 1949లో గోమెజ్ అనే మలయాళీ వంటవాడు తన హోటల్లో చేప తలకాయతో కూర మొదలుపెట్టాడు. చేప తలను చైనీయులు ఎంత ఇష్టంగా తింటారో చూసి, దాన్ని మన మసాలా పులుసులో వేశాడు. ఇవాళ రేస్ కోర్స్ రోడ్డులోని ముత్తూస్ కర్రీ, బనానా లీఫ్ అపోలో ఆ కూరకే పేరుపడ్డాయి.

హైనాన్ దీవి చైనీయులు మిగతావాళ్ళ కంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికే మంచి వ్యాపారాలు ఇతరుల చేతుల్లో ఉన్నాయి. దాంతో ఆంగ్లేయుల ఇళ్ళలో, హోటళ్ళలో, ఓడల్లో వంటవాళ్ళుగా చేరారు. ఉడికించిన కోడి, ఆ కోడి రసంలో వండిన అన్నం, పక్కన అల్లం, మిరప పచ్చడి... సింగపూర్ తనదని చెప్పుకునే చికెన్ రైస్ వాళ్ళ చేతి వంటే. ఫిల్టరుగా గుడ్డ సంచి వాడి, గడ్డపాలు కలిపి ఇచ్చే చిక్కటి కాఫీ హోటళ్ళు కూడా చాలావరకు వాళ్ళు నడిపినవే. ఇక ‘మీ గోరెంగ్’ అనే వంట చూడండి. చైనీయుల పసుపుపచ్చ నూడుల్స్‌ను తమిళ ముస్లింలు మిరప ముద్ద, టమాటాతో ఎర్రగా వేయించి ఇస్తారు. చైనాలోనూ తమిళనాడులోనూ ఆ వంట ఆ రూపంలో లేదు.

ఎక్కడ తినాలి?

చరిత్ర తెలిసి తినాలనుకునేవారు లావ్ పా సాత్‌తో మొదలుపెట్టొచ్చు. గ్లాస్గోలో పోతపోసిన ఇనుప స్తంభాలతో 1894లో కట్టిన ఎనిమిది మూలల బజారు ఇది. 1973లో జాతీయ కట్టడంగా ప్రకటించారు. మెట్రో సొరంగం తవ్వేటప్పుడు 1986లో ఊడదీసి, తర్వాత మళ్ళీ బిగించారు. చీకటి పడ్డాక పక్కనున్న బూన్ టాట్ వీధిలో వాహనాలు ఆపేసి సాతే కుంపట్లు వెలిగిస్తారు.

చైనీయుల వంట వైవిధ్యం చూడాలంటే చైనాటౌన్ కాంప్లెక్స్. చుట్టుపక్కల వీధుల హాకర్ల కోసం కట్టిన ఈ సెంటరు దేశంలోకెల్లా పెద్దది, రెండొందలకు పైగా తిండి కొట్లున్నాయి. చికెన్ రైస్‌కు మ్యాక్స్‌వెల్ సెంటర్. మలయ్ వంటకు గేలాంగ్ సెరాయ్ మార్కెట్. 1971లో తెరిచిన న్యూటన్ సెంటర్ రాత్రి వేళ సముద్రపు తిండికి ప్రసిద్ధి, ధరలు మాత్రం ముందే అడగాలి. హాకర్ సెంటర్లు కాకపోయినా రెండు పాత హోటళ్ళను వదలకూడదు: నార్త్ బ్రిడ్జ్ రోడ్డులో 1908 నుంచి ముర్తబా అనే, మాంసం కూరిన రొట్టె చేస్తున్న జామ్ జామ్, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఇడ్లీ, దోసె పెడుతున్న కోమల విలాస్. సింగపూర్ తెలుగు సమాజం 1975లోనే ఏర్పడింది. ఆ దేశంలో స్థిరపడ్డ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు దారి చూపేదీ వాళ్ళే.

బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం కనిపిస్తే అక్కడ ఎవరో చోటు పట్టుకున్నారని అర్థం. వంటవాళ్ళను అంకుల్, ఆంటీ అని పిలుస్తారు, మనం బాబాయ్, పిన్ని అన్నట్టే. తిన్నాక ట్రే తీసుకెళ్ళి పెట్టడం 2021 నుంచి తప్పనిసరి.

చవక భోజనం ఖరీదు

2016లో, హోటళ్ళకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ తొలి సింగపూర్ సంచికలో రెండు సాదా కొట్లు ఒక్కో స్టార్ సంపాదించాయి. వాటిలో చైనాటౌన్ కాంప్లెక్స్‌లోని చాన్ హాన్ మెంగ్ అనే వంటవాడి సోయా చికెన్ ధర అప్పట్లో సుమారు రెండు సింగపూర్ డాలర్లు. 2020 డిసెంబర్ 16న హాకర్ సంస్కృతిని యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

గౌరవం దక్కింది, వారసులే దొరకడం లేదు. హాకర్ల సగటు వయసు అరవైకి దగ్గరపడింది. తెల్లవారుజామున లేచి, వేడి పొయ్యి ముందు పన్నెండు గంటలు నిలబడే పనికి చదువుకున్న పిల్లలు రావడం లేదు. సరుకుల ధరలు, కొత్త కొట్ల అద్దెలు పెరుగుతున్నా, పళ్ళెం ధర కాస్త పెంచితే గిరాకీ ముఖం చిట్లిస్తుంది. ఊరు చవగ్గా తినడానికి ఒక తరం వంటవాళ్ళు తమ నడుములు అరగదీసుకున్నారు. ప్రభుత్వం 2011లో మళ్ళీ కొత్త సెంటర్లు కడతామని ప్రకటించింది, కొత్తవాళ్ళకు శిక్షణా ఇస్తోంది. కానీ తినేవాళ్ళు ఆ శ్రమకు తగిన ధర ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఇవేవీ నిలబడవు.

మన బండ్లకు చోటేది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ... మన ఏ ఊళ్ళోనైనా సాయంత్రమైతే పునుగులు, మిరపకాయ బజ్జీలు, ఇడ్లీ, చైనీస్ నూడుల్స్ బండ్లే ఎందరికో భోజనం. హాస్టల్ పిల్లలు, ఆటో డ్రైవర్లు, పనుల కోసం వలస వచ్చినవాళ్ళు వాటిని నమ్ముకునే బతుకుతున్నారు. ఇద్దరు ముగ్గురు ఒక గదిలో సర్దుకునే ఈ జనం నాటి సింగపూర్ కూలీలకు దూరమేం కాదు. ఇక్కడా బండివాడికి కుళాయి లేదు, మురుగు కాలువ లేదు. రోడ్డు వెడల్పు చేసే రోజున ముందు పోయేది అతని బండే.

చట్టం మనకూ ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి. అది పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. అమ్మకానికి స్థలాలు గుర్తించాలి, పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులవే కావాలి. సింగపూర్ 1968లో చేసిన మొదటి పనీ అదే: పేర్లు రాసుకోవడం. ఆ దేశం చిన్నది, డబ్బున్నది, అధికారం గట్టిగా నడిపినది. మనం దాన్ని అచ్చుగుద్దనక్కర్లేదు. ప్రతి పురపాలక సంఘం బస్టాండు దగ్గరో, ఆసుపత్రి దగ్గరో ఒక్క స్థలం ఎంచి కప్పు వేసి, కుళాయి, కాలువ, బల్లలు పెట్టి, ఇప్పటికే అక్కడ వండుతున్నవాళ్ళకే ఇస్తే చాలు. స్మార్ట్ సిటీల గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ ఒక్క ఖర్చును మన వార్డు సభ్యుడి దగ్గర, మేయర్ దగ్గర పేరుపెట్టి అడగాలి.