వంక పెట్టడానికి ఒక వాగు

ఇంగ్లీషులో ‘క్రుక్’ అంటే మొదట కొంకి. గొర్రెలకాపరి చేతిలో కొస వంగిన కర్ర. దాన్నుంచి వచ్చిన ‘క్రుకెడ్’ దారికి అంటితే మలుపులు, మనిషికి అంటితే మోసం. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి అమెరికాలో క్రుక్ అంటే ఏకంగా దొంగే అయిపోయాడు.

మనమూ తక్కువేం తినలేదు. తిన్నగా వెళ్ళమంటే దారి గురించి, తిన్నగా ఉండమంటే బుద్ధి గురించి. గీత వంకరైతే చెరిపి మళ్ళీ గీయొచ్చు, బుద్ధి వంకరైతే అదీ లేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘కుటిలం’ జుట్టుకైతే అందం, మనసుకైతే కపటం.

కానీ ‘వంక’ దగ్గర కథ మారుతుంది. ఎదుటివాడికి వంక పెడతాం, పని తప్పించుకోడానికి వంక వెతుకుతాం. ఇక్కడిదాకా వంపు అంటే తప్పే. మరి నెలవంక? అందులో తప్పేముంది? ‘నా వంక చూడు’ అన్నప్పుడు అది ఒట్టి దిక్కు. వాగులూ వంకలూ అన్నప్పుడు పారే నీరు. ఒకే మాటలో నింద ఉంది, చంద్రుడున్నాడు, ఏరూ ఉంది.

ఈ తేడా బెజవాడలో బాగా పనికొస్తుంది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయిన 1852లోనే ఇక్కడ కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది, 1855కి పూర్తయింది. దాన్నుంచి వచ్చిన కాలువలు ఇప్పటికీ గవర్నర్‌పేట చుట్టుపక్కల ఊరిని కోస్తూ పోతాయి. మనుషులు తవ్విన కాలువ కూడా రూళ్ళకర్ర పెట్టి గీసినట్టుండదు. నేల వాలు ఎటుంటే అటు ఒంపు తిరగాల్సిందే. అక్కడ వంపు అంటే లెక్క.

బుడమేరుని ఎవరూ తవ్వలేదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మెలికలు తిరుగుతూ కొల్లేరులో కలుస్తుంది. అది పొంగినప్పుడు పరుచుకునే పల్లంలో ఇళ్ళు లేచాయి, కాలనీలు లేచాయి. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ మునిగింది. వాగు ఊళ్ళోకి వచ్చిందన్నాం. ఊరు వాగులోకి వెళ్ళిన సంగతి ఆ వాక్యంలో పట్టలేదు.

మనిషికి వాడే తిట్టుని నీటికి అంటగడితే వచ్చే చిక్కు ఇదే. వంపుని తప్పు అనుకున్నాక సరిచేయాలనిపిస్తుంది, ఒడ్డు బిగించాలనిపిస్తుంది, మిగిలిన జాగా అమ్మాలనిపిస్తుంది. వంకని వాగు అని పిలిచినవాళ్ళకి ఆ మెలిక ఏరు తిరగడానికి కావలసిన చోటు. ముందు ఆ అర్థాన్ని పట్టాల్లోకీ, లేఅవుట్లలోకీ తెచ్చుకోవాలి. వంక పెట్టడం ఎప్పుడైనా చేయొచ్చు.