అద్దం తునకతో కబురు

లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాల ముందు నిలబడితే కళ్లకు మొదట తగిలేది తళుకే. చిన్న చిన్న రాళ్లు, అద్దం తునకలు వెలుగు పడగానే మెరుస్తాయి. మన లంబాడీ అక్కల ఫేటియా, కాంచళి మీది అద్దాలూ అంతే. ఎండలో చేను దాటి వస్తుంటే దూరం నుంచే తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇలాంటి మెరుపే కొండ నుంచి కొండకు గుర్తు పంపేది.

గోల్కొండ చప్పట్ల సంగతి మీకు తెలిసిందే. ఫతే దర్వాజా దగ్గర కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. అది చెవికి అందే గుర్తు. అంతకు మించిన దూరానికి కన్నే దిక్కు. ఫ్రాన్స్‌లో క్లాడ్ చాప్ 1794లో పారిస్ నుంచి లిల్ దాకా, సుమారు 230 కిలోమీటర్లు, బురుజుల వరుస నడిపించాడు. బురుజు మీద కొయ్య చేతులు రకరకాలుగా వంచేవారు. పక్క బురుజువాడు దుర్భిణిలో చూసి తన చేతుల్ని అలాగే వంచేవాడు. మన దేశంలో కలకత్తా నుంచి కాశీ వైపు అలాంటి వరుస కోసం సర్వే చేసినవాడు జార్జ్ ఎవరెస్ట్. తర్వాత 1865లో హిమాలయ శిఖరానికి పెట్టింది ఈయన పేరే.

ఆయన 1818 చివర్లో హైదరాబాద్ వచ్చి విలియం లాంబ్టన్ దగ్గర చేరాడు. అప్పటి పని దేశాన్ని త్రిభుజాలుగా కొలవడం. ఒక కొండ మీద పరికరం, ఎదుటి కొండ మీద జెండా. జెండా కనిపిస్తేనే కొలత. అడ్డొచ్చిన చెట్లను నరికించేవారు. వాన వెలిశాక దుమ్ము అణిగి గాలి తేటగా ఉంటుంది, చూపు దూరం పోతుంది. అందుకే వానాకాలంలోనే అడవికి పంపేవారు. అడవి జ్వరం ముదిరేదీ ఆ కాలంలోనే అని మన పెద్దల్ని అడిగినా చెప్పేవారు! 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్ బృందమంతా జ్వరాన పడింది. కొందరు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ చేర్చడానికి ఏనుగుల్ని పంపాల్సి వచ్చింది. కోలుకోవడానికి ఆయన 1820లో దక్షిణాఫ్రికా వెళ్లాడు. కూలీలకు ఆ వీలెక్కడిది?

1830లో ఆయన తిరిగొచ్చినప్పుడు తెచ్చిన పరికరాల్లో హీలియోట్రోప్ ఉంది. జర్మనీలో గాస్ 1821లో చేసిన అద్దం అది. ఎండను ఎదుటి కొండకు తిప్పితే చుక్కలా మెరుస్తుంది, జెండా కనిపించని దూరానికీ కనిపిస్తుంది. పొద్దు కదులుతూనే ఉంటుంది గనక ఒక మనిషి పక్కనే కూర్చుని అద్దాన్ని తిప్పుతూ ఉండాలి. 1869లో హెన్రీ మాన్స్ చేసిన హీలియోగ్రాఫ్‌లో ఆ మెరుపును పొడుగ్గా, పొట్టిగా విడగొట్టి అక్షరాలే పంపారు. రెండో అఫ్గాన్ యుద్ధంలో సైన్యం దాన్ని బాగా వాడుకుంది.

కొండెక్కి జెండా పట్టినవాళ్ల పేర్లు మన బడి పుస్తకాల్లో లేవు. మీ ఊరి దగ్గర జెండా గుట్ట అనో, దీపాల గుట్ట అనో పిలిచే కొండ ఉంటే, ఆ పేరు ఎందుకొచ్చిందో తాతల్ని అడిగి రాసి పంపండి. జాతర వల్లే వచ్చిందన్నా సరే, రాయండి.