పిల్లి పాపం

పిల్లిని చంపిన పాపం గుడి కట్టినా పోదంటారు మన పెద్దలు. బంగారంతో పిల్లిబొమ్మ చేయించి దానమిస్తేగాని ఆ దోషం తీరదని మా అమ్మమ్మకి గట్టి నమ్మకం. మామూలు సంసారికి బంగారు పిల్లి ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ఉట్టిమీది వెన్న నాకినా, కాగబెట్టిన పాలు ఖాళీ చేసినా, నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేవారు తప్ప దానిమీద చెయ్యి చేసుకునేవారు కారు. బాగానే ఉంది. కాని పిల్లికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో మాత్రం ఏ సామెతా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. జబ్బుపడ్డ పిల్లి ఏ గడ్డివాము కిందికో, ఏ అటక మూలకో చేరి, ఎవరికీ కనబడకుండా కన్నుమూసేది. ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు చూసి "ఎటో పోయింది పాపం" అనుకునేవారు. అంతటితో సరి.

ఇప్పుడు అలా కుదరదు. మూడో అంతస్తులో ఉన్న పిల్లికి గడ్డివాము ఎక్కడిది? దాని జబ్బు మన కళ్ళముందే, మన సోఫా మీదే పెరుగుతుంది. రక్తపరీక్షలున్నాయి, స్కానింగులున్నాయి, సెలైన్లున్నాయి. అన్నీ అయ్యాక డాక్టరుగారు కళ్ళజోడు తీసి "ఏం చేద్దామంటారు?" అని మనల్నే అడుగుతారు. ఇంత పెద్ద ప్రశ్న ఇదివరకు ఎవరినైనా అడిగారా, అడిగితే వాళ్ళేం చెప్పారు అని నాలుగు పుస్తకాలు తిరగేశాను.

పశువైద్యం మనకి కొత్తదేం కాదు. గుర్రాలకి శాలిహోత్రుడు, ఏనుగులకి పాలకాప్యుడు శాస్త్రాలే రాసిపెట్టారు. మనుషులకీ పశువులకీ కూడా వైద్యం ఏర్పాటు చేశాననీ, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ అశోకుడు చెప్పుకున్న శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఆ రోజుల్లో అదెంత గొప్ప సంగతి! కాని జాగ్రత్తగా చూస్తే, శాస్త్రం రాసే ఓపిక యుద్ధానికి పనికొచ్చే జంతువులకే దక్కింది. ఫ్రాన్సు వాళ్ళు 1761లో లియాన్ నగరంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాల పెట్టిందీ గుర్రాల కోసం, గొడ్ల కోసమే. పిల్లి బండి లాగదు, పాలివ్వదు, రాజుగారిని మొయ్యదు. దానికెవరు శాస్త్రం రాస్తారు? అమెరికాలో పిల్లుల వైద్యానికే అంకితమైన తొలి డాక్టర్లలో ఒకరని పేరు పడ్డ లూయీ కముటీ ఇరవయ్యో శతాబ్దపు మనిషి. న్యూయార్కులో ఇల్లిల్లూ తిరిగి వైద్యం చేసిన ఆ పెద్దాయన 1980లో రాసుకున్న పుస్తకానికి "నా రోగులందరూ మంచం కిందే ఉన్నారు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పిల్లిని పెంచినవాళ్ళకి ఇక వివరించక్కర్లేదు.

డాక్టర్లు లేని కాలంలో పిల్లి జబ్బుని పట్టించుకున్నవాళ్ళు అసలే లేరా అంటే, నాకు బాగా నచ్చినాయన ఒకడున్నాడు. 1755లో ఇంగ్లీషు భాషకి మహా నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్. భారీ విగ్రహం, పెడసరం మాట, ఎదుటివాణ్ణి వాదనలో చిత్తు చేసేదాకా నిద్రపోని మనిషి. ఆయన పిల్లి పేరు హాడ్జ్. హాడ్జ్ ముసలిదై, జబ్బుపడి, ఆయిస్టర్లనే ఒకరకం ఆల్చిప్పల మాంసం తప్ప ఇంకేమీ ముట్టని స్థితికి వచ్చింది. అప్పుడు జాన్సన్ తనే స్వయంగా బజారుకి వెళ్ళి అవి కొని తెచ్చేవాడని, ఆయన్ని దగ్గరగా ఎరిగిన హెస్టర్ థ్రేల్ అనే ఆవిడ 1786లో రాసింది. ఇంట్లో పనివాడు లేక కాదు. ఫ్రాన్సిస్ బార్బర్ ఉన్నాడు. జమైకాలో బానిసగా పుట్టిన నల్లజాతి కుర్రాడు. ఒక నాలుగుకాళ్ళ జంతువు తిండికోసం బజారుకి పంపిస్తే అతని మనసు నొచ్చుకుంటుందేమోనని జాన్సన్ అతన్ని పంపలేదట. జీవితచరిత్ర రాసిన బాస్వెల్ ఇంకో కారణం చెప్పాడు: ఈ చాకిరీ వల్ల నౌకర్లకి పిల్లిమీద అయిష్టం పుడుతుందేమోనని ఆయన భయమట. ఏది నిజమైనా, పిల్లి సేవ పెట్టుకున్నవాడు ఆ బరువు తనే మొయ్యాలి గాని పక్కవాళ్ళ మీద పెట్టకూడదని ఆయనకి తెలుసు. చివరికి తన ఆస్తిలో పెద్ద భాగం ఆ ఫ్రాన్సిస్‌కే రాసిచ్చాడు. (ఇది చదివాక, మా ఇంట్లో పిల్లి మట్టిపెట్టె శుభ్రం చేసే పని ఎవరి నెత్తిన పడిందో లెక్కేసుకున్నాను. అది వేరే సంగతి.)

అయితే జాన్సన్‌కి ఒక విధంగా తేలికే అనిపిస్తుంది. హాడ్జ్‌కి చెయ్యగలిగింది తిండి పెట్టటం ఒక్కటే. ఇంజెక్షన్ పొడవాలా వద్దా, ఇంకా పొడవాలా, ఇక చాలా అన్న మీమాంస ఆయనకి లేదు. ఆ మీమాంస బహిరంగంగా, దేశమంతా వినేలా జరిగింది మన గడ్డ మీదే. అయితే అక్కడ రోగి పిల్లి కాదు, ఒక దూడ.

1928లో సబర్మతీ ఆశ్రమంలో ఒక లేగదూడ అవిటిదై మంచాన పడింది. ఎంత మందు వేసినా, ఎంత సేవ చేసినా నయం కాలేదు. పక్కకి ఒత్తిగిలాలన్నా ప్రాణం పోయేంత బాధ. ఇక లాభం లేదని సర్జనుగారు తేల్చేశారు. గాంధీగారు ఆశ్రమం పెద్దలతో ఆలోచించారు. ప్రాణం పొయ్యలేనివాడికి ప్రాణం తీసే హక్కెక్కడిదని ఒకాయన అడ్డుచెప్పాడు. అన్నీ విన్నారు గాంధీగారు. చివరికి డాక్టరుని పిలిపించి, తాను అక్కడే ఉండి, విషపు ఇంజెక్షను ఇప్పించారు. రెండు నిమిషాలలోపే అంతా అయిపోయింది.

ఆ తరవాత జరిగింది మాత్రం రెండు నిమిషాల్లో అవలేదు. ఈ సంగతిని ఆయన దాచలేదు సరికదా, తనే "అగ్నిపరీక్ష" అనే అర్థమొచ్చే శీర్షికతో 1928 సెప్టెంబరు 30న నవజీవన్‌లోనూ, అక్టోబరు 4న యంగ్ ఇండియాలోనూ రాశారు. అహింసా ప్రవక్త గోహత్య చేశాడని దేశం గగ్గోలెత్తింది. తిట్లతో నిండిన ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ఆయన వాదన సూటిగానే ఉంది. సర్జను కత్తి పెడితే దాన్ని హింస అంటామా? బాధ తగ్గించటానికే అయితే ఇదీ అలాంటిదే. విమర్శకులకి జవాబులు రాస్తూ రాస్తూ ఆయన నాలుగు షరతులు పెట్టారు. జబ్బు కుదిరేది కాకపోవాలి. సంబంధించిన వాళ్ళందరూ ఆశ వదులుకుని ఉండాలి. ఏ సేవా, ఏ సాయమూ అందని స్థితి అవాలి. నాలుగోది, ఆ రోగి తన ఇష్టం ఏమిటో చెప్పుకోలేని స్థితిలో ఉండాలి. వీటిలో ఒక్కటి తక్కువైనా ప్రాణం తియ్యటం అహింస అనిపించుకోదు.

దాదాపు వందేళ్ళయింది. పిల్లి డాక్టరు ఎదురుగా కూచున్నప్పుడు ఇంతకన్నా పనికొచ్చే మాటలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. కాకపోతే ఒక చిక్కుంది. మొదటి షరతు ఒకచోట నిలబడి ఉండేది కాదు. "కుదిరే జబ్బు కాదు" అన్న మాటకి ఏ సంవత్సరంలో అని అడగాల్సి వస్తుంది.

1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కునేదాకా చక్కెర జబ్బు పిల్లికే కాదు, మనిషికీ మరణశాసనమే. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్ వేసుకుంటూ ఏళ్ళతరబడి బతికే పిల్లులున్నాయి. ముసలి పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతుంటే, వయసైపోయిందిలే అనేవారు. 1979లో న్యూయార్కు డాక్టర్లు అది థైరాయిడ్ జబ్బని గుర్తించి వైద్యం చూపించారు. ఇక పిల్లలు పెట్టే బాధ ఎఫ్.ఐ.పి. అని ఒకటుంది. పసి పిల్లులకే ఎక్కువగా వస్తుంది, తరచుగా పొట్టలో నీరు చేరుతుంది, కొన్ని వారాల్లో ప్రాణం తీస్తుంది. 1963లో బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ అనే డాక్టరమ్మ దాన్ని వర్ణించింది మొదలు అరవై ఏళ్ళ దగ్గర దగ్గర, ఆ పేరు వినగానే ప్రాణం తీసే ఇంజెక్షనే దయ అనేవారు. 2019లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం 31 పిల్లులకి ఒక కొత్త మందిస్తే ఎక్కువ భాగం బతికి బట్టకట్టాయి. 84 రోజులు, రోజుకో ఇంజెక్షన్. మందు కనుక్కున్న కంపెనీ దాన్ని జంతువులకి వాడటానికి విడుదల చెయ్యకపోతే, జనం చైనా నుంచి దొంగచాటుగా తెప్పించుకుని, సూది పట్టటం నేర్చుకుని, తమ పిల్లుల్ని తామే బతికించుకున్నారు. 2021లో బ్రిటన్‌లో, 2024లో అమెరికాలో అది డాక్టర్ల చేతికి సక్రమంగా వచ్చింది. 2018లో పిల్లిని పోగొట్టుకున్న తల్లుల సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. వాళ్ళు చేసిందాంట్లో తప్పేమీ లేదు. ఆ ఏడాదికి అదే నిజం.

అన్నట్టు, మందంటే గుర్తొచ్చింది. జ్వరానికి మనం పప్పుబిళ్ళలా మింగే పారాసిటమాల్ పిల్లికి అచ్చమైన విషం. దాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదు. ప్రేమకొద్దీ ఒక ముక్క తుంచి పెట్టేరు, వద్దు.

చెయ్యగలిగినంతా చెయ్యాల్సిందేనా అంటే, అక్కడా ఒక కథ ఉంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ఆస్పత్రిలో పిల్లికి కిడ్నీ మార్చారు, పిల్లి బతికింది. మరి ఆ కిడ్నీ ఎక్కడిది? ఇంకో పిల్లిది. దాత పిల్లిని కూడా మీరే తీసుకెళ్ళి జీవితాంతం పెంచుకోవాలని యజమానికి షరతు పెట్టారు. అనాథగా ఉన్న పిల్లికి ఇల్లు దొరికిందిగా అన్నారు కొందరు. కిడ్నీ ఇస్తావా అని దాన్నెవరడిగారు అన్నారు ఇంకొందరు. బ్రిటన్ పశువైద్యుల కాలేజీ కొన్నాళ్ళు తర్జనభర్జన పడి, బతికున్న పిల్లినుంచి కిడ్నీ తియ్యటం తగదని 2016లో తేల్చింది. నేనూ ఆ పక్షమే. నా పిల్లి నాకు ముద్దయినంత మాత్రాన, నోరులేని ఇంకో ప్రాణి కడుపు కొయ్యటానికి నేను సంతకం పెట్టలేను.

నోరులేని ప్రాణి అన్నాను గదా, ఆ మాట పూర్తిగా నిజం కాదేమో. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లి ముఖం చూసి నొప్పి లెక్కగట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. చెవులు ఎటు తిరిగాయి, కళ్ళు ఎంత మూసుకుంది, మూతి బిగుసుకుందా, మీసాలు ఎలా ఉన్నాయి, తల భుజాలకన్నా కిందికి వాలిందా. ఈ అయిదూ చూస్తే చాలట. పిల్లలకి జ్వరమొస్తే థర్మామీటరు పెట్టకముందే ముఖం చూసి చెప్పే తల్లులకి ఇందులో కొత్తేమీ కనిపించదు. కాని మనం కళ్ళతో చూసింది శాస్త్రం కూడా ఒప్పుకుంటే ధైర్యంగా ఉంటుంది.

ఇదంతా నేను చదవటానికి కారణం మా బుజ్జి. పధ్నాలుగేళ్ళు. ముసలి పిల్లుల్లో ఎక్కువమందిని పట్టుకునే కిడ్నీ జబ్బే దానికీ వచ్చింది. రోజు విడిచి రోజు మెడ వెనక చర్మం ఎత్తిపట్టి ఇంట్లోనే సెలైను ఎక్కించేదాన్ని. మొదటి ఆరు నెలలూ అది ఒళ్ళో గుర్రుగుర్రుమంటూ ఎక్కించుకుంది. తరవాత సీసా చప్పుడు వింటేనే బీరువా వెనక్కి పోవటం మొదలెట్టింది. మళ్ళీ ఆస్పత్రిలో ఉంచి వారం రోజులు చూద్దామా, లేక ఆపేద్దామా అని డాక్టరు అడిగారు. మా అత్తగారిని అడిగితే "పిల్లి పాపం నాకు చెప్పి చెయ్యకమ్మా" అని జపమాల తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. చెయ్యమనలేదు, వద్దనలేదు. మావారు కిటికీలోంచి బయటికి చూశారు.

అప్పుడు నాకు పనికొచ్చింది ఒక మార్కుల పట్టిక. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో తయారుచేసింది. కాన్సరు వచ్చిన పెంపుడు జంతువుల్ని చూసి చూసి రాసింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రం, సంతోషం, నడక, చివరికి చెడ్డరోజులకన్నా మంచిరోజులు ఎక్కువున్నాయా అనేది. ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం డెబ్బైలో 35 దాటితే సేవ సాగించవచ్చు. ప్రేమకి మార్కులేమిటి అని మొదట్లో ఒళ్ళు మండింది. కాని మార్కులు వేసేది ప్రేమకి కాదు, అది పడుతున్న రోజులకి. వంటింట్లో పాల లెక్క రాసే కాలెండరు మీదే, పాకెట్ల అంకె పక్కన, బుజ్జికి మంచిరోజయితే గీత, చెడ్డరోజయితే సున్నా పెట్టేదాన్ని. జనవరి నిండా గీతలు. ఫిబ్రవరిలో గీతా, సున్నా కలిసి ఉన్నాయి. మార్చి మొదటి పదకొండు రోజుల్లో రెండే గీతలు. పన్నెండో తారీకున డాక్టరుగారు మా ఇంటికే వచ్చారు. నేను దగ్గరే కూచున్నాను. బుజ్జి నా పాత చీర మీద పడుకుంది. ఆ రోజు గడిలో పాల లెక్క ఒక్కటే రాశాను, రెండు పాకెట్లని.