ఆర్గనా, అరేంజరా? హార్మోనియం మెట్ల నుంచి తిరుమల మెట్ల దాకా

 

ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "మాకు తెలిసినవాళ్ల ఇంట్లో పాత ఎలక్ట్రానిక్ ఆర్గన్ ఉంది, తక్కువకే ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, కొత్త అరేంజర్ కీబోర్డు కొనాలా?" అని. దీనికి ధరల పట్టిక చదివి జవాబు చెప్పొచ్చు. నేను మాత్రం చరిత్రలోంచి చెప్తాను. ఎందుకంటే ఈ ప్రశ్న మా తిరుపతి భజన మండలికి కూడా ఎదురైంది. అప్పుడు ఈ చరిత్ర నాకు తెలిసుంటే ఒక పెద్దాయన మనసు కష్టపెట్టి ఉండేవాణ్ణి కాదు.

ముందు ఒక మాట గమనించండి. హార్మోనియం మీద వేళ్లతో నొక్కేవాటిని మనం 'మెట్లు' అంటాం. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేవీ మెట్లే. అవి సుమారు 3,550. ఈ రెండు రకాల మెట్లకీ సంబంధం ఉంది. కొండ మీదికి ఏ వాయిద్యం పోతుందన్నది చాలాకాలం పాటు దాని బరువును బట్టే తేలింది.

1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ అనే ఆయన హార్మోనియం పేరుతో ఒక వాయిద్యానికి పేటెంటు తీసుకున్నాడు. అది బల్లలాంటిది. కాళ్లతో తిత్తులు తొక్కుతూ కుర్చీలో కూర్చుని వాయించాలి. మిషనరీల వెంటా, దొరల వెంటా అది మన దేశానికి వచ్చింది. కానీ మనవాళ్లు కచేరీకైనా, భజనకైనా నేల మీద కూర్చుంటారు. 19వ శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్లు తీసేసి, తిత్తిని వెనక్కి మార్చి, ఒక చేత్తో ఊదుతూ ఇంకో చేత్తో వాయించే పెట్టెగా చేశాడు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ పెట్టె నెత్తికెక్కింది. నెత్తికెక్కిందంటే ఊరూరూ తిరిగింది.

మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారత ఉత్సవాలు మీకు తెలిసినవే. పగలు హరికథ, రాత్రి నాటకం. హార్మోనియం లేకుండా ఆ నాటకంలో పద్యం ఎత్తుకునేవాడే లేడు. రాగం తీసేవాడికి ఊపిరి చాలనప్పుడు ఆ స్వరాన్ని పట్టుకుని నిలబెట్టేది హార్మోనిస్టే. ఇక కొండకు పోయే భజన బృందాల సంగతి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు మనిషి మోయగలిగిందే పైకి పోయేది. తాళాలు, చెక్కలు, డోలక్, హార్మోనియం... ఇవన్నీ మోయగలిగినవే.

దీన్ని అందరూ మెచ్చుకోలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య గమకం పలకదు, కాబట్టి మన సంగీతానికి పనికిరాదని పెద్ద విద్వాంసులు అన్నారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి ఇంచుమించు 30 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ రేడియోలో పలకని పెట్టె భజన మందిరాల్లో మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

ఇప్పుడు కరెంటు ఆర్గన్ దగ్గరికి వద్దాం. 1935లో అమెరికాలో లారెన్స్ హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. గాలి లేదు, తిత్తి లేదు. లోపల పళ్ల చక్రాలు తిరుగుతుంటే అయస్కాంతం పక్కన ధ్వని పుడుతుంది. గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిల కోసం చేశాడు కానీ, ఇళ్లవాళ్లు కూడా కొన్నారు. జపాన్‌లో యమహా కథ ఇంకా విచిత్రం. 1887లో తొరాకుసు యమహా అనే పనిమంతుడు హమమత్సు ఊళ్లో ఒక బడిలో చెడిపోయిన రీడ్ ఆర్గన్‌ను బాగుచేశాడు. ఆ కంపెనీ అక్కణ్ణుంచి పుట్టింది. అంటే ఈ రోజు మనం కొనే యమహా కీబోర్డుకీ మన హార్మోనియానికీ బంధుత్వం ఉందన్నమాట. అదే కంపెనీ 1959లో ఎలక్టోన్ పేరుతో ఇళ్లకు పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఆర్గన్ తెచ్చింది.

హోమ్ ఆర్గన్ ఎలా ఉంటుందంటే, పైన ఒక వరస మెట్లు, కింద ఒక వరస, పాదాల దగ్గర మంద్రస్థాయికి చెక్క పెడళ్లు. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో తోడు స్వరాలు, ఎడమకాలితో మంద్రం, కుడికాలితో ధ్వని పెంచడం, తగ్గించడం. మెట్టు నొక్కి ఉన్నంతసేపూ స్వరం నిలుస్తుంది, వదిలితే ఆగుతుంది. అచ్చం మన హార్మోనియంలాగే. తిత్తి చేసే పని కుడికాలు చేస్తుంది, అంతే తేడా.

మరి అరేంజర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ హోమ్ ఆర్గన్ కడుపులోంచే వచ్చింది! 1959లోనే అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మ్యాన్ అనే తాళం పెట్టెను అమ్మింది. ఆర్గన్ వాయించేవాడి పక్కన పెట్టుకుంటే అదే దరువు వేస్తుంది. తర్వాత ఆ పెట్టెను ఆర్గన్ లోపలికే చేర్చారు. 1970ల నాటికి ఒక్క వేలు నొక్కితే తోడు స్వరాలన్నీ వాటంతటవే పలికే ఆర్గన్లు వచ్చాయి. నాలుగు అవయవాలతో వాయించడం కష్టమనుకునే ఇంటివాళ్ల కోసం ఆ సౌకర్యం. ఆ సౌకర్యమే ఆర్గన్ కొంప ముంచింది. 1980లో క్యాసియో తన మొదటి కీబోర్డు తెచ్చింది. చిప్పుల ధర పడిపోయింది. దరువూ, తోడు స్వరాలూ చంకలో పెట్టుకుపోయే పెట్టెలోనే వస్తుంటే నలుగురు మోసే బల్ల ఎవరికి కావాలి? అమెరికాలో హోమ్ ఆర్గన్ వ్యాపారం పదేళ్లలో కుప్పకూలింది. హామండ్ కంపెనీ చక్రాల ఆర్గన్ల తయారీని 1975లోనే ఆపేసింది. ఆ చిన్న పెట్టెలే పెరిగి పెద్దవై ఇప్పటి అరేంజర్లయ్యాయి. మన దేశం కోసమే తబలా, తాన్‌పూరా, దాద్రా, కెహర్వా పెట్టి యమహా, క్యాసియో ప్రత్యేకంగా మోడళ్లు చేస్తున్నాయి.

చరిత్రలోంచి నాకు తేలిన ముక్క ఇది. ఆర్గన్ ఒక వాయిద్యం. అరేంజర్ ఒక మేళం. కొనేముందు మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఏది మంచిదని కాదు. మనకు కావలసింది వాయిద్యమా, మేళమా అని.

మా సంగతి చెప్తాను. మా మండలి హార్మోనిస్టు వయసైపోయి మానుకున్నాడు. ఆ స్థానంలోకి నేను వచ్చాను. అదే సమయంలో మండలిలో ఒకరి బంధువు సింగపూర్ నుంచి తెచ్చుకున్న రెండు వరసల ఆర్గన్ ఇస్తామన్నారు. కుర్రవాళ్లు మాత్రం అరేంజర్ కావాలన్నారు. మెట్లోత్సవానికి అలిపిరి నుంచి భజన చేసుకుంటూ ఎక్కుతాం, తిరుమలలో అఖండ హరినామ సంకీర్తనలో మా వంతు వచ్చినప్పుడు పాడతాం. ఆ బల్లను ఎవరు మోస్తారు? అరేంజర్ ఏడెనిమిది కిలోలు, ఆరు పెద్ద టార్చిలైటు సెల్లులతో నడుస్తుంది. వాదన అక్కడే ముగిసింది. చందాలు వేసుకుని అరేంజర్ కొన్నాం.

మొదటి నెల పండగే. బటన్ నొక్కితే దరువు, ఎడమచేత్తో మూడు మెట్లు పట్టుకుంటే వెనకాల బృందం మొత్తం. అది విని మా డోలక్ తాత ఒక మూల కూర్చున్నాడు. ఆయన 40 ఏళ్లుగా మండలికి డోలక్ వాయిస్తున్నాడు. పెట్టె దరువూ ఆయన దరువూ కలిస్తే రొదగా ఉందని నేనే అన్నాను, "తాతా, ఈ పూటకి మీరు తాళం వేయండి చాలు" అని. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆ ఏడాది కొండమీద మా వంతు వచ్చింది. భజన అంటే మీకు తెలుసు కదా, మెల్లగా మొదలై, నామం మీద నామం పడుతూ, చివరికి ద్రుతకాలంలోకి పోతుంది. వేగం పెంచమని ఎవరూ చెప్పరు, అదే పెరుగుతుంది. జనం వేగం పెంచారు. పెట్టె పెంచలేదు. నేను టెంపో బటన్ కోసం వెతుక్కుంటున్నాను. పాట ఒక దారి, దరువు ఒక దారి. చివరికి దరువు ఆపేశాను. ఉన్నట్టుండి కింద నేల తీసేసినట్టయింది. చెక్కలవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు కానీ, కిందికి దిగేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు తాత ఇంటికి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. ఒక్కటే అన్నాడు: "మీ పెట్టె బాగానే వాయిస్తాది నాయనా. కాకుంటే అది మన పాట ఇనదు."

నాకు ఆ రోజు అర్థమైంది. హార్మోనియాన్ని రేడియో వద్దన్నా భజన ఎందుకు వద్దనలేదో కూడా అర్థమైంది. హార్మోనియంలో గమకం లేకపోవచ్చు, కానీ దాని తిత్తి మీద ఒక చెయ్యి ఉంది. పాడేవాడు ఆగితే ఆ చెయ్యి ఆగుతుంది, పరుగెత్తితే పరుగెత్తుతుంది. ఆర్గన్‌లోనూ అంతే. అరేంజర్‌లో దరువు బటన్ నొక్కాక మాత్రం మనమే దాని వెంట పోవాలి.

తాత మళ్లీ వస్తున్నాడు. ప్రతి వారం కాదు, ఓపిక ఉన్నప్పుడు. అరేంజర్‌నీ మేం పారేయలేదు. దరువు ఆపేసి, హార్మోనియం ధ్వని పెట్టుకుని వాయిస్తాను. ఆడవాళ్లు పాడేటప్పుడు శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ బటన్ ఎంతో ఉపకారం. ఆ సింగపూర్ ఆర్గన్ మా ఇంట్లోనే ఉంది, పిల్లలు దానిమీదే నేర్చుకుంటున్నారు.

కాబట్టి అడిగినవాళ్లకు నా జవాబు. పిల్లలకు రెండు చేతులూ కుదరాలి, స్వరం నిలపడం రావాలి, ఇంట్లో చోటుంది అంటే ఆర్గన్ మంచిదే. కానీ ప్రతి మెట్టూ పలుకుతోందో లేదో, పెడళ్లు పనిచేస్తున్నాయో లేదో కూర్చుని వాయించి చూడండి. బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. ఒక్కరే పెళ్లిళ్లలో, స్టేజీ మీద సినిమా పాటలు వాయించాలంటే అరేంజరే సరైనది. కొనేటప్పుడు మీకు కావలసిన తాళాలు ఉన్నాయా, ముఖ్యంగా ఖండచాపు, మిశ్రచాపు ఉన్నాయా చూడండి. పాట మధ్యలో వేగం మార్చే బటన్ వేలికి అందుతుందా చూడండి. రాగానికి దాని తోడు స్వరాలు అడ్డం పడుతుంటే ఎడమచేతి భాగం ఆపేయండి, ఏమీ పోదు.

ఇక మండలి కోసం కొంటున్నారా? ముందు మీ డోలక్ ఆయన్ని అడగండి. కొన్నాక కాదు, కొనకముందే.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో ముగిస్తున్నాను. మీ ఊరి భజన మందిరంలో పాత హార్మోనియం ఉంటే దాని కథ రాసి పంపండి. మళ్లీ కలుద్దాం, సెలవు.