గంజీఫా ముక్కలు – ఆటగాండ్ర కల్పన

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమును, దాని పెద్దచెరువును, 1550 మొదలు 1580 వరకు గోలకొండనేలి తెలుగు కవులచే మల్కిభరాముడని కీర్తింపబడిన ఇబ్రాహీం కుతుబ్‌షా పేరును నేటికిని నిలుపుచున్నవి. సింహాసనమెక్కుటకు పూర్వము ఏడేండ్లపాటు విజయనగరమున, అనగా నరపతులను బిరుదుగల రాజుల కొలువున, తలదాచుకొనిన ఆ ప్రభువునకు సమకాలికుడగు అక్బరు కాలమున, అశ్వపతి, గజపతి, నరపతి యను మన చరిత్రలోని బిరుదములు, నేటి పేకలోని ఇస్పేటు, కళావరులవలె, మొగలాయి కొలువున గంజీఫా యను ముక్కలాటలో జాతులై వెలసియుండెను.

అక్బరు ఆస్థాన చరిత్రకారుడగు అబుల్ ఫజల్ ఐనీ అక్బరీ యను గ్రంథమున ఈ ఆటను వర్ణించుచు, జాతికి పండ్రెండేసి చొప్పున పండ్రెండు జాతులకు 144 ముక్కలనియు, అశ్వపతి ఢిల్లీ ప్రభువువలె గుర్రముల బలిమి గలవాడనియు, గజపతి ఓఢ్రరాజునకు సాటియనియు, నరపతి కాల్బలమున బిజాపురాధీశుని పోలువాడనియు చెప్పినాడు. అంతకంటె నాకు విశేషముగా తోచునది, అక్బరు తానాడు ఆటను ఉన్నదున్నట్లుంచక, తన కాలమునకు తగినట్లు ముక్కలను మార్పించిన ముచ్చట. ఆ పండ్రెండింటిలో ధనపతి యను జాతిలో రాజు ద్రవ్యము పంచిపెట్టుచుండును. మంత్రి బొక్కసమును పరీక్షించుచుండును. తక్కిన పదింటిపై రత్నముల పనివాడు, లోహము కరగించువాడు, తూచువాడు, నాణెములు ముద్రించువాడు మున్నగు టంకశాల జనులు కనబడుదురు. రాజున్న కట్టలోనే పనివానికిని చోటు దొరకుట సామాన్యమైన సంగతి కాదు.

హిందువుల చేతిలో ఈ ఆటయే దశావతార గంజీఫాయై, పది అవతారములు పది జాతులుగా 120 వట్రువ ముక్కలను ధరించెను; పగటి ఆటకు రాముడును, రాత్రి ఆటకు కృష్ణుడును ముందు నడువవలెనని నియమమేర్పడెను. మన నిర్మల్ చిత్రకారులును గంజీఫా వ్రాసినవారే. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 320 ముక్కల చాముండేశ్వరీ ఛదము వంటి నూతన క్రీడలనే కల్పించెను.

ముక్కలను తమకు తగినట్లు కొత్తగా కల్పించుకొను ఈ పరంపర దూరదేశముల విజ్ఞానకల్పనా క్రీడలలో మరల కనబడుచున్నది. స్టార్ వార్స్ చలనచిత్రముల నాధారము చేసికొని 1995లో ముక్కలు వెలువరించిన డిసైఫర్ సంస్థ, 2001 ముగియుసరికి అనుమతిని కోల్పోగా, ఆటగాండ్ర సంఘమొకటి ఆ భారమును తలకెత్తుకొని, కొత్త ముక్కలను తానే కల్పించి ఉచితముగా పంచుచున్నది. ఆటగాడు వానిని కాగితముపై అచ్చువేసికొని, పాత ముక్కపై నిలిపి, పారదర్శకమగు తొడుగులో దూర్చి ఆడును. బొమ్మ గీయుట యిందు సులభమైన పాలు. ఒక్క ముక్క బలము మితిమీరినను ఆట యంతయు చెడును గావున, పలుమార్లు ఆడి చూచి బలాబలములు తూచుటయే అసలైన విద్య.

ఇబ్రహీంపట్నము చుట్టునున్న ఇంజనీరింగు కళాశాలలలో ఇట్టి ఆటలపై మక్కువగల యువకులారా, పరుల బొమ్మలకు నకళ్లు దింపుటతో తృప్తినొందక, అశ్వపతి పీఠమున రోదసీనౌకాధిపతిని కూర్చుండబెట్టి, మీ ఊరి చెరువును, తూమును, అలుగును ముక్కలపై కెక్కించి, ఒక కట్టను మీరే కల్పింపుడు.