బేగంపేట కాగితాలు ఎక్కడున్నాయి?

బేగంపేట ఇటీవలి చరిత్ర రాయబూనిన వాళ్లకు తారసపడే చిక్కు ఒకటుంది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఇక్కడి విమానాశ్రయంలో దిగి హైటెక్ సిటీకి, మహావీర్ ఆసుపత్రికి వెళ్లారు. 2006 మార్చి 3న జార్జ్ డబ్ల్యూ. బుష్ వచ్చి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి ఐఎస్‌బీ చూశారు. హైదరాబాద్‌లో కాన్సులేట్ పెడతామన్న ప్రకటన ఆ పర్యటనలోనే వెలువడింది. 2008లో అది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకుని, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలింది. ఈ రెండు రాకలకు సంబంధించి శ్వేతసౌధంలో పుట్టిన ఉత్తరాలు, ప్రసంగాల చిత్తుప్రతులు, సలహాదారుల నోట్లు ఆ ప్రభుత్వపు ఆస్తి. క్లింటన్ కాగితాలు లిటిల్ రాక్‌లో, బుష్‌వి డల్లాస్‌లో, అధ్యక్షుల పేరిట కట్టిన గ్రంథాలయాల్లో ఉన్నాయి. మరి అవే రోజుల్లో ముఖ్యమంత్రులుగా ఉన్న చంద్రబాబు నాయుడు కార్యాలయం, రాజశేఖరరెడ్డి కార్యాలయం ఏం రాసుకున్నాయి, ఏం అడిగాయి, దేనికి ఒప్పుకోలేదు? అధ్యక్షుల కాగితాలను కాపాడేంత స్పష్టమైన చట్టపు రక్షణ ఆ కాగితాలకు ఉండాలని నేనంటాను. లేకపోతే మన పేట కథకు అవతలి పక్షం సాక్ష్యమొక్కటే మిగులుతుంది.

అమెరికాకూ ఈ బుద్ధి మొదటినుంచీ లేదు. వాషింగ్టన్ పదవి దిగి తన కాగితాలు తన ఇంటికి పట్టుకెళ్లాడు. తర్వాతి వాళ్లూ అదే దారి పట్టారు. లింకన్ కాగితాలు ఆయన కొడుకు రాబర్ట్ అధీనంలో ఉండిపోయాయి. తాను పోయాక 21 ఏళ్లు గడిచేదాకా తెరవకూడదని ఆయన షరతు పెట్టడంతో 1947లో గానీ చరిత్రకారులకు అందలేదు. హార్డింగ్ చనిపోయాక ఆయన భార్య చాలా కాగితాలు తగలబెట్టింది. ఇవన్నీ సహించిన దేశం వాటర్‌గేట్ కుంభకోణంలో పదవి వదులుకున్న నిక్సన్ దగ్గర ఆగింది. శ్వేతసౌధంలో తన సంభాషణలను రికార్డు చేసిన టేపులను చివరికి ధ్వంసం చేయించుకునే వీలు ఆయనకు దక్కేలా 1974లో ఒప్పందం కుదరగానే, ఆ ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి వాటిని స్వాధీనం చేసుకుంది. 1978 చట్టంతో, 1981 జనవరి 20 నుంచి పదవిలోకి వచ్చే అధ్యక్షుల అధికారిక పత్రాలన్నీ ప్రజల ఆస్తి అయ్యాయి. పదవి దిగిన ఐదేళ్లకు ఎవరైనా అడగవచ్చు. కొన్ని రకాలను మాత్రం పన్నెండేళ్ల దాకా ఆపవచ్చు. అంటే ఈ పద్ధతి ఒక కుంభకోణం నేర్పిన పాఠం. మనం నేర్చుకోవడానికి అలాంటి దెబ్బ తినాల్సిన అవసరం లేదు.

ఒక్క పక్షం కాగితాలతో చరిత్ర తేలదనడానికి 1948 సాక్ష్యం. భారత ప్రభుత్వంతో వివాదం ముదిరినప్పుడు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జోక్యం కోరాడు, ఫలితం లేకపోయింది. ఆగస్టులో హైదరాబాద్ ఐక్యరాజ్యసమితిని ఆశ్రయించింది, సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న అంతా ముగిసింది. ట్రూమన్ వైపు ఏం జరిగిందో ఆయన కాగితాలు చెప్పగలవు. నిజాం ఆ మెట్టు ఎందుకు ఎక్కాడు, ఎవరి సలహా విన్నాడు, ఎంత ఆశ పెట్టుకున్నాడు అన్నవి అవి చెప్పలేవు. అందుకే ఆ ఏడాది గురించి మనం వి.పి. మీనన్, కె.ఎం. మున్షీ, లాయక్ అలీ తర్వాత రాసుకున్న పుస్తకాల మీద అంతగా ఆధారపడుతున్నాం. ముగ్గురూ ఆ గొడవలో పాత్రధారులే, ముగ్గురికీ సమర్థించుకోవలసిన పక్షం ఉంది. జ్ఞాపకం ఎంత నిజాయితీగలదైనా, ఫలితం తెలిశాక రాసిందే. ఉత్తరం మాత్రం ఫలితం తెలియని నాటిది. దాని విలువ అక్కడుంది.

కాగితాలు దాచడం పాశ్చాత్యుల అలవాటు, మన పద్ధతి కాదు అనేవాళ్లు తార్నాక వెళ్లి చూడాలి. అక్కడి రాష్ట్ర పురాలేఖనాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ పాలనకు చెందిన ఫారసీ పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. సిపాయిల జీతాలు, గుర్రాల హాజరు, జాగీర్ల లెక్కలతో సహా పదిహేడో శతాబ్దం మనకు అందింది. జీవోలు, సమాచార హక్కు చట్టం చాలవా అన్న ప్రశ్నకు ఇంకాస్త బలముంది. కానీ జీవోలో నిర్ణయం ఉంటుంది, దాని వెనకాల జరిగిన వాదన ఉండదు. సమాచార హక్కు ఉన్న కాగితాన్ని చూపించమంటుంది; లేకుండా పోయిన దాన్ని అది రప్పించలేదు. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం కేంద్రానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుంది తప్ప రాష్ట్ర ప్రభుత్వాల దాకా రాదు. అన్నీ బయటపెడతారని తెలిస్తే అధికారులు మనసు విప్పి రాయరన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం, తోసెయ్యదగ్గది కాదు. అయితే ఐదేళ్లు, పన్నెండేళ్లు అన్న గడువులు ఆ భయానికి జవాబుగా పెట్టినవే. వెంటనే చూపించమని ఎవరూ అడగడం లేదు. చించకుండా ఉంచమనే అడుగుతున్నాం.

ఇదంతా బేగంపేటకే ఎక్కువగా వర్తిస్తుంది. రాజశేఖరరెడ్డి హయాంలో ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయం కట్టింది ఇక్కడే. 2016లో దాని పక్కనే ప్రగతి భవన్ వచ్చింది, 2023 డిసెంబరులో ఆ ఆవరణ ప్రజా భవన్ అయింది. రెండు దశాబ్దాల్లో రాష్ట్ర విభజన మొదలు సాగునీటి ప్రాజెక్టుల దాకా ఎన్నో నిర్ణయాల ముసాయిదాలు ఈ గేటు దాటాయి. చట్టం చేస్తే అందులో మూడు సంగతులుంటే చాలు: ముఖ్యమంత్రి మారిన రోజున కార్యాలయపు పత్రాల జాబితా తయారుచేయాలి, అవి నిర్ణీత గడువులోగా తార్నాక చేరాలి, పురాలేఖనాధికారి సంతకం లేకుండా ఏదీ నాశనం కాకూడదు. సొంత కుటుంబ ఉత్తరాలను అమెరికా చట్టమూ మినహాయించింది, మనమూ మినహాయించవచ్చు. ఫోన్లలో నడిచే సందేశాలను కూడా మొదటి రోజు నుంచే ఈ లెక్కలో చేర్చాలి, ఎందుకంటే ఇప్పుడు ఆదేశాలు చాలావరకు నడుస్తున్నది వాటిలోనే.